చక్కెరను చూసి తెరుచుకునే మందు: ఎంజైమ్‌ను ఎంత నింపాలి?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 



నాకు ఇచ్చిన అంశం 'ఆరోగ్యం – నేటి విజ్ఞానం'. అరగంటలో ఇంత పెద్ద అంశాన్ని పూర్తి చేయడం నా వల్ల కాదు. అందుకే ఒక్క ప్రశ్న తీసుకుంటాను. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు తనంతట తానే బయటికి వచ్చి, తగ్గగానే తనంతట తానే ఆగిపోయే ఇన్సులిన్‌ను తయారు చేయవచ్చా? ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలల్లో ఈ ప్రశ్న మీద పని జరుగుతోంది. ఆ పనిలో మన పదో తరగతి జీవశాస్త్రం ఉంది, రసాయన శాస్త్రం ఉంది, లెక్కలూ ఉన్నాయి. పైగా ఇది మన ఇళ్లకు సంబంధించిన విషయం. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఈ హాల్లో కూర్చున్న ప్రతి కుటుంబంలోనూ, బంధువుల్లోనూ షుగర్ ఉన్నవారు ఒకరైనా ఉంటారు.

ఒక చెంచా చక్కెర

ముందు ఒక చిన్న లెక్క. పరగడుపున ఆరోగ్యవంతుడి రక్తంలో డెసిలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. పెద్దవారి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, అంటే 50 డెసిలీటర్లు. 100ను 50తో గుణిస్తే 5,000 మిల్లీగ్రాములు, అంటే 5 గ్రాములు. రక్తం మొత్తంలో తిరిగే చక్కెర ఒక చిన్న చెంచాడే అన్నమాట. మనం ఒక పూట తినే అన్నంలో దీనికి ఎన్నో రెట్ల పిండిపదార్థం ఉంటుంది. అయినా ఆ చెంచాడు చెంచాడుగానే ఉండేలా క్లోమ గ్రంథిలోని బీటా కణాలు రాత్రింబగళ్లు చూసుకుంటాయి. చక్కెర పెరిగితే ఇన్సులిన్‌ను వదులుతాయి, తగ్గితే ఆపేస్తాయి.

టైప్-1 మధుమేహంలో ఆ బీటా కణాలు నశిస్తాయి. ఇది ఎక్కువగా పిల్లల్లో, యువకుల్లో కనబడుతుంది. మిఠాయిలు ఎక్కువ తిన్నందుకు వచ్చే జబ్బు కాదు ఇది. తల్లి పెంపకంలో లోపం వల్ల వచ్చేదీ కాదు. శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున తన కణాల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. ఇన్సులిన్ లేకపోతే ఆ బిడ్డ బతకదు.

1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. మొదట ఎక్కించిన మందు శుద్ధమైనది కాకపోవడంతో సరిగ్గా పని చేయలేదు. కొద్ది రోజుల్లోనే కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేసి ఇస్తే ఆ బాలుడు కోలుకున్నాడు. 1923లో బాంటింగ్, మెక్లియడ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందు ఇటువంటి పిల్లలకు వైద్యులు చేయగలిగింది తిండి తగ్గించి కొన్నాళ్లు ప్రాణం నిలపడం మాత్రమే.

ఆ తర్వాత నూరేళ్లు గడిచాయి. ఇన్సులిన్ ఎంతో మెరుగైంది. సూదులు సన్నబడ్డాయి, పెన్నులు వచ్చాయి. అయితే ఒక లోటు అలాగే ఉంది. చర్మం కిందికి వెళ్లిన ఇన్సులిన్‌కు మన రక్తంలో చక్కెర ఎంత ఉందో తెలియదు. మనిషి దావత్‌లో బిర్యానీ తిన్నాడా, రోజా ఉన్నాడా, జ్వరంతో అన్నం ముట్టకుండా పడుకున్నాడా అన్నది దానికి పట్టదు. ఇచ్చిన మోతాదు తన పని తాను చేసుకుపోతుంది. తిండి తక్కువై ఇన్సులిన్ ఎక్కువైతే చక్కెర 70 కంటే కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం, ఒక్కోసారి ఫిట్స్, స్పృహ తప్పడం జరుగుతాయి. రాత్రి నిద్రలో ఇలా అవుతుందేమోనన్న భయంతో అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి బిడ్డ వేలు గుచ్చి చూసుకునే తల్లులున్నారు. ఈ పరిశోధన అంతా ఆ తల్లుల నిద్ర కోసమేనని నేను మా పిల్లలకు చెబుతుంటాను.

చక్కెరను గుర్తుపట్టేది ఎవరు?

మందుకు తెలివి రావాలంటే ముందుగా చక్కెరను గుర్తుపట్టే ఒక పదార్థం కావాలి. ప్రకృతిలో అది సిద్ధంగా ఉంది. దాని పేరు గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్ల బూజు నుంచి దీన్ని తీస్తారు. ఇది ఒక ఎంజైమ్, అంటే రసాయన చర్యను వేగంగా జరిపించే ప్రొటీన్. గ్లూకోజ్‌ను, ఆక్సిజన్‌ను కలిపి గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పనిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది.

ఇది మీకు కొత్త పదార్థం కాదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే చాలా రకాల స్ట్రిప్‌ల కొన మీద ఎండిన రూపంలో ఉండేది ఇదే ఎంజైమ్. 1962లో లేలాండ్ క్లార్క్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనిని ఎలక్ట్రోడ్‌తో జతచేసి చక్కెరను కొలిచే మార్గం చూపాడు. స్ట్రిప్‌ల డబ్బా మూత గట్టిగా పెట్టమనేది, గడువు తేదీ చూడమనేది ఈ ఎంజైమ్ కోసమే. తేమ తగిలినా, ఎండలో పెట్టినా ప్రొటీన్ పాడవుతుంది. అప్పుడు మీటరు తప్పు అంకె చూపిస్తుంది, ఆ అంకెను నమ్మి మనం తప్పు మోతాదు తీసుకుంటాం.

ఇక అసలు ఆలోచనకు వద్దాం. ఇన్సులిన్‌ను, గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను ఒకే సంచిలో పెట్టి, ఆమ్లం తగిలితే తెరుచుకునే మూత పెట్టారనుకోండి. చక్కెర పెరిగితే ఎంజైమ్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. సంచి లోపల పీహెచ్ తగ్గి మూత తెరుచుకుంటుంది, ఇన్సులిన్ బయటికి వస్తుంది. చక్కెర తగ్గితే ఆమ్లం తగ్గుతుంది, మూత మూసుకుంటుంది. చెప్పడానికి ఇంత సులువు.

చక్కెరను బట్టి ఇన్సులిన్ ఇవ్వాలన్న తలంపు కూడా కొత్తదేం కాదు. 1979లోనే బ్రౌన్‌లీ, సెరామీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో ఇటువంటి పద్ధతిని ప్రకటించారు. వారు ఎంజైమ్‌ను వాడలేదు, జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజల్లోని ఒక ప్రొటీన్‌ను వాడారు. నలభై ఏళ్లు దాటినా ఆ కల మందుల షాపు దాకా ఎందుకు రాలేదో తెలియాలంటే సంచి లోపలికి వెళ్లి చూడాలి.

రంధ్రాల ఇల్లు

ఆ సంచి కోసం శాస్త్రవేత్తలు ఎంచుకున్న పదార్థాలలో ముఖ్యమైనది సిలికా. మన ఇసుకలో ఉండేది అదే. మామూలు ఇసుక రేణువు లోపల గట్టిగా ఉంటుంది. 1992లో మొబిల్ సంస్థ శాస్త్రవేత్తలు తేనెపట్టు గదుల్లా వరుసగా రంధ్రాలున్న సిలికాను ప్రకటించారు. దాని పేరు ఎంసీఎం-41. 1998లో అమెరికాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయంలో ఇంకా పెద్ద రంధ్రాలున్న సిలికా తయారైంది. అది ఎస్‌బీఏ-15. ఇటువంటి వాటిని మీసోపోరస్ పదార్థాలంటారు. రంధ్రం వ్యాసం 2 నుంచి 50 నానోమీటర్ల మధ్య ఉంటే ఆ పేరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లని గుర్తుంచుకుంటే ఆ గదులు ఎంత చిన్నవో తెలుస్తుంది.

ఎంసీఎం-41 ఒక గ్రాములో ఉండే రంధ్రాల గోడలన్నిటినీ పరిచి కొలిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో పావు ఎకరం. చిటికెడు పొడిలో పది గుంటల నేల దాగి ఉంది. అందులో మందును, ఎంజైమ్‌ను దాచుకోవచ్చు. 2001లో స్పెయిన్‌లో వాలెట్-రెజీ బృందం నొప్పులకు వాడే ఇబుప్రొఫెన్‌ను ఎంసీఎం-41లో నింపి, అది నెమ్మదిగా బయటికి రావడాన్ని చూపించింది. అక్కడి నుంచి ఈ రంగం వేగం అందుకుంది.

అయితే ఇబుప్రొఫెన్ చిన్న అణువు. ఎంజైమ్ అలా కాదు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ పొడవు వైపు 7, 8 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఎంసీఎం-41 గదుల వ్యాసం సాధారణంగా 2 నుంచి 4 నానోమీటర్లు. బీరువా కంటే ఇరుకైన తలుపులోంచి బీరువాను లోపలికి పంపగలమా? ఎంజైమ్ బయటి గోడకు అంటుకుని ఉండిపోతుంది. ఎస్‌బీఏ-15 రంధ్రాలను 30 నానోమీటర్ల దాకా పెంచవచ్చు కాబట్టి అందులోకి వెళుతుంది. మరీ పెద్ద రంధ్రమైతే లోపలికి వెళ్లిన దారినే కడిగినప్పుడు బయటికి వచ్చేస్తుంది. అందుకే ఎంజైమ్ కంటే కొంచెం మాత్రమే పెద్దదైన రంధ్రాన్ని ఎంచుకుంటారు.

కొలత కుదిరితే సరిపోదు, విద్యుదావేశం కూడా కుదరాలి. గ్లూకోజ్ ఆక్సిడేజ్ మీద పీహెచ్ సుమారు 4.2 దగ్గర ధన, రుణ ఆవేశాలు సమానంగా ఉంటాయి. రక్తం పీహెచ్ 7.4. ఆ పరిస్థితిలో ఎంజైమ్ మీద రుణావేశం ఉంటుంది, సిలికా గోడ మీద కూడా రుణావేశమే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుకని గోడకు అమైన్ సమూహాలను అతికిస్తారు. అప్పుడు గోడ ధనావేశం పొంది ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. కొందరు ఇంకా గట్టిగా ఉండాలని రసాయన బంధంతో కట్టేస్తారు. కట్టేస్తే ఊడిపోదు. కానీ ఎంజైమ్ పని చేసే చోటే కట్టు పడితే ఆ ఎంజైమ్ లెక్కకు ఉంటుంది, పనికి ఉండదు.

ఇంకో దారి కూడా ఉంది. తయారైన ఇంట్లోకి ఎంజైమ్‌ను పంపే బదులు, ఎంజైమ్ చుట్టూనే ఇల్లు కట్టడం. జింక్ అయాన్లను, 2-మిథైల్ ఇమిడజోల్ అనే పదార్థాన్ని నీటిలో కలిపితే జిఫ్-8 అనే స్ఫటికం ఏర్పడుతుంది. అక్కడ ఎంజైమ్ ఉంటే దాని చుట్టూ స్ఫటికం పెరిగి లోపల బంధిస్తుంది. దీని కిటికీ వెడల్పు 0.34 నానోమీటర్లే కాబట్టి ఎంజైమ్ బయటికి రాలేదు. పైగా జిఫ్-8 ఆమ్లంలో కరిగిపోతుంది. చక్కెర వచ్చి ఆమ్లం పుట్టగానే గోడలు కరిగి ఇన్సులిన్ బయటపడుతుంది. వినడానికి బాగుంది కదా? రెండు చిక్కులున్నాయి. ఆ కిటికీ గ్లూకోజ్‌కు కూడా ఇరుకే. అందువల్ల గోడల్లో అక్కడక్కడా పెద్ద ఖాళీలు ఉండేలా చూసుకోవాలి. రెండోది, కరిగిన గోడ మళ్లీ లేవదు. చక్కెర తగ్గాక మూసుకునే తలుపు అందులో లేదు.

ఎక్కువ నింపితే ఎక్కువ పనా?

ఇప్పుడు అసలు విషయం. పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఎంజైమ్ ఎంత ఎక్కువ నింపితే అంత మంచిదని మొదట అనిపిస్తుంది. అది నిజం కాదు.

ఎంత నిండిందో ముందు కొలవాలి. పద్ధతి సులువే. గ్లాసులో 100 మిల్లీగ్రాముల ఎంజైమ్ కరిగించి పొడి వేశారు. కొన్ని గంటల తర్వాత పొడిని వేరు చేసి, మిగిలిన నీటిలో ఎంత ఎంజైమ్ ఉందో ఒక రంగుతో కొలుస్తారు. 1976లో బ్రాడ్‌ఫర్డ్ చెప్పిన ఆ పద్ధతిలో ప్రొటీన్ ఉంటే రంగు గోధుమ నుంచి నీలానికి మారుతుంది. నీటిలో 20, కడిగిన నీటిలో 10 మిల్లీగ్రాములు వస్తే పొడిలో 70 ఉన్నట్టు. ఇది నింపిన లెక్క. పని లెక్క వేరు. నింపిన ఎంజైమ్ నిమిషానికి ఎంత గ్లూకోజ్‌ను మారుస్తోందో విడిగా కొలవాలి.

బోర్డు మీద అర్థం కావడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. ఇవి ప్రయోగశాల ఫలితాలు కావు, లెక్క కోసం అనుకున్నవి. మొదటి గ్లాసులో గ్రాము పొడికి 50 మిల్లీగ్రాములు నింపాం, అందులో 80 శాతం పని చేస్తోంది. ఫలితం 40. రెండో గ్లాసులో 100 నింపాం, 55 శాతం పని చేస్తోంది. ఫలితం 55. మూడో గ్లాసులో 200 నింపాం, 20 శాతమే పని చేస్తోంది. ఫలితం మళ్లీ 40. మొదటి గ్లాసు కంటే నాలుగు రెట్లు ఎంజైమ్ ఖర్చయింది, పని మాత్రం పెరగలేదు.

ఎందుకిలా? ముప్పై మంది పట్టే తరగతి గదిలో తొంభై మందిని కూర్చోబెట్టండి. గుమ్మం దగ్గరే కిక్కిరిసిపోతారు. వెనక ఉన్నవారికి పుస్తకం అందదు, ఉపాధ్యాయుడు అక్కడిదాకా వెళ్లలేడు. హాజరు పట్టీలో మాత్రం తొంభై మంది ఉంటారు. రంధ్రంలోనూ అంతే. మొదట వెళ్లిన ఎంజైమ్‌లు మూతి దగ్గర అంటుకుంటే లోపలి భాగానికి దారి మూసుకుపోతుంది. లోపల ఉన్నవాటికి గ్లూకోజ్ అందదు, ఆక్సిజన్ అందదు. అవి తయారు చేసిన ఆమ్లం త్వరగా బయటికి పోదు. ఒకదాని మీద ఒకటి పడితే పని చేసే చోటు మూసుకుపోతుంది.

ఇంకా మూడు కారణాలున్నాయి. మొదటిది చోటు. ఆ గదుల్లో ఇన్సులిన్ కూడా ఉండాలి. 51 అమైనో ఆమ్లాలతో అయిన ఇన్సులిన్ చిన్న ప్రొటీనే, కానీ చోటంతా ఎంజైమ్ ఆక్రమిస్తే మందుకు మిగిలేది తక్కువ. తలుపు బాగా తెరుచుకుంటుంది, లోపల సరుకుండదు.

రెండోది ఆక్సిజన్. ఎంజైమ్ ఒక్కో గ్లూకోజ్‌కు ఒక్కో ఆక్సిజన్ అణువును వాడుతుంది. చర్మం కింది ద్రవంలో గ్లూకోజ్‌తో పోలిస్తే కరిగిన ఆక్సిజన్ పదుల రెట్లు తక్కువ. ఎంజైమ్‌ను రెట్టింపు చేసినా ఆక్సిజన్ రెట్టింపు కాదు. అది అయిపోయిన చోట పని ఆగిపోతుంది.

మూడోది హైడ్రోజన్ పెరాక్సైడ్. గాయాలు కడిగే మందుగా మీకు తెలిసే ఉంటుంది. లోపల పోగుపడితే ఇన్సులిన్‌కు, ఎంజైమ్‌కు, చుట్టూ ఉన్న కణాలకు హాని. అందుకని కెటలేజ్ అనే రెండో ఎంజైమ్‌ను తోడు పెడతారు. అది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. విషాన్ని తీసేస్తూనే వాడిన ఆక్సిజన్‌లో సగం తిరిగి ఇస్తుంది. మంచి స్నేహమే. కానీ దానికీ చోటు కావాలి. ఇప్పుడు ఒకే గదిలో ముగ్గురు అద్దెదారులు: గ్లూకోజ్ ఆక్సిడేజ్, కెటలేజ్, ఇన్సులిన్. ఎవరికి ఎంత ఇవ్వాలన్నదే ఈ పరిశోధనలో అసలు తగవు.

ఎంజైమ్ తక్కువైతే చక్కెర పెరిగిన చాలాసేపటికి గానీ తలుపు తెరుచుకోదు. ఎక్కువైతే కొద్దిపాటి చక్కెరకే తెరుచుకుని ఇన్సులిన్ అంతా ఒక్కసారి బయటపడుతుంది. అప్పుడు మనం భయపడిన లో షుగర్ ఈ మందు వల్లే వస్తుంది. అందుకే ఇక్కడ 'అత్యధికం' కోసం వెతకరు, 'తగినంత' కోసం వెతుకుతారు.

తగినంతను వెతకడం ఎలా?

నింపడాన్ని నాలుగు విషయాలు ముఖ్యంగా శాసిస్తాయి: ద్రావణం పీహెచ్, ఉష్ణోగ్రత, నింపే సమయం, ద్రావణంలో ఎంజైమ్ గాఢత. ఒక్కోదానికి మూడు స్థాయిలు పరీక్షించాలంటే మూడును నాలుగుసార్లు గుణించాలి. 81 ప్రయోగాలు. ఖరీదైన ఎంజైమ్‌తో 81 ప్రయోగాలు అందరివల్లా కాదు. పోనీ ఒక్కోదాన్ని విడివిడిగా మార్చి చూద్దామంటే, ఒక పీహెచ్ దగ్గర మంచిదైన ఉష్ణోగ్రత ఇంకో పీహెచ్ దగ్గర మంచిది కాకపోవచ్చు. ఉప్పు, కారం, పులుపు విడివిడిగా సరిచూసి కలిపితే కూర కుదురుతుందని హామీ లేదు కదా.

ఇక్కడ మన తెలుగువాడు ఒకరు సాయానికి వస్తారు. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకమంతా సి.ఆర్.రావుగా ఎరిగిన గణాంక శాస్త్రవేత్త. 1920లో నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ బడుల్లో చదివి, విశాఖపట్నం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేశారు. తర్వాత కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పని చేశారు. 1940లలో ఆయన 'ఆర్థోగొనల్ అరే' అనే అమరికలను ప్రతిపాదించారు. ఆ అమరికతో నాలుగు విషయాలను మూడేసి స్థాయిల్లో 81కి బదులు 9 ప్రయోగాలతో పరిశీలించవచ్చు. ఆ తొమ్మిదింటిలో ఏ రెండు విషయాలను తీసుకున్నా, వాటి స్థాయిల జతలన్నీ సరిగ్గా ఒక్కోసారి వస్తాయి. కాబట్టి ఏ విషయం ఎంత ప్రభావం చూపుతోందో వేరు చేసి చెప్పవచ్చు. ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఎలా ఆధారపడుతుందో తేల్చడానికి ఆ 9 చాలవు. దానికి మరికొన్ని ప్రయోగాలు అవసరం. అయినా ఏ దిక్కున వెళ్లాలో ఆ తొమ్మిదే చూపిస్తాయి. జపాన్ ఇంజనీరు తగుచి ఇటువంటి అమరికలను కర్మాగారాల్లోకి తీసుకెళ్లారు. నేడు ఎంజైమ్ నింపే ప్రయోగశాలల్లోనూ వీటిని వాడుతున్నారు. రావుగారు 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

లెక్కలు దేనికి పనికొస్తాయి సార్ అని అడిగే పిల్లలు ఇది గుర్తుంచుకోండి. నూజివీడు, నందిగామ బడుల్లో చదివిన ఒక కుర్రవాడి లెక్క ఈ రోజు ప్రపంచమంతటా రోగుల మందు కోసం పని చేస్తోంది.

ఇప్పుడు ఎక్కడున్నాం?

2015లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఝెన్ గూ బృందం నాణెమంత చిన్న పట్టీ తయారు చేసింది. కంటికి కనబడీ కనబడని సూదులు, వాటిలో ఇన్సులిన్, గ్లూకోజ్ ఆక్సిడేజ్ నింపిన సూక్ష్మ సంచులు. అవి ఆమ్లానికి బదులు ఆక్సిజన్ తగ్గుదలను చూసి తెరుచుకుంటాయి. మధుమేహమున్న ఎలుకల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. 2024లో 'నేచర్' పత్రికలో మరో దారి వెలువడింది. ఎంజైమ్ లేకుండా, ఇన్సులిన్ అణువుకే ఒక మీట అమర్చి ఎలుకల్లో, పందుల్లో పరీక్షించారు. ఇవి ఆశ కలిగించేవే. కానీ ఎలుకకూ మనిషికీ మధ్య దూరం చాలా ఉంది. ఎంజైమ్ మనిషి ఒంట్లో ఎన్ని రోజులు పని చేస్తుంది? సిలికా చివరికి ఎలా బయటికి పోతుంది? బూజు నుంచి వచ్చిన ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా చూస్తుందా? ప్రతి గుళికలోనూ ఒకే మోతాదు ఉంటుందా? వీటికి మనుషుల్లో నమ్మకమైన జవాబు వచ్చేదాకా ఏ వైద్యుడూ దీన్ని రాయలేడు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ నింపిన ఇటువంటి ఇన్సులిన్ నేటికీ మందుల షాపులో దొరకదు.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, 'షుగర్‌కు శాశ్వత పరిష్కారం వచ్చేసింది, ఇక సూదులు మానేయండి' అనే సందేశాలు రోజూ మన ఫోన్లకు వస్తున్నాయి. అడుగున ఒక నంబరు, ఒక ధర ఉంటాయి. నిజమైన పరిశోధన వార్తను తీసుకుని దానికి తోకలా అబద్ధం అతికిస్తారు. టైప్-1 ఉన్న బిడ్డకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే, రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి అటువంటి సందేశం వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరి మీద పరీక్షించారు, ఎలుకల మీదా, మనుషుల మీదా? ప్రభుత్వ అనుమతి ఉందా? మన డాక్టరు దీన్ని రాస్తారా? మూడింటికీ జవాబు వచ్చేదాకా ఇప్పుడున్న మందును ఒక్క పూట కూడా ఆపకండి. రోజా ఉండాలనుకునే షుగర్ రోగులు కూడా రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి. సొంతంగా తగ్గించుకోవడం, మానేయడం రెండూ ప్రమాదమే.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. తెలివైన మందు వచ్చేదాకా ఆ తెలివి మన దగ్గర ఉండాలి. మీ తరగతిలో టైప్-1 ఉన్న పిల్లవాడో, అమ్మాయో ఉంటే పాఠం మధ్యలో తినడానికి, మీటరుతో చూసుకోవడానికి, నీళ్లు తాగడానికి, బయటికి వెళ్లడానికి అడిగిన వెంటనే అనుమతి ఇవ్వండి. అందరి ముందు జబ్బు పేరెత్తి చిన్నబుచ్చకండి. చెమటలు పట్టి, చేతులు వణికి, పొంతన లేకుండా మాట్లాడితే అల్లరి అనుకోవద్దు. లో షుగర్ అనుకోండి. మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ పొడి గానీ నీటిలో కలిపి ఇవ్వండి. అది సుమారు 15 గ్రాములు. పావుగంట తర్వాత మళ్లీ చూసి, తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తరలించండి. స్టాఫ్ రూమ్ బీరువాలో ఒక గ్లూకోజ్ డబ్బా పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. దాని తాళం ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలిసి ఉండాలి.

తల్లిదండ్రులకు కూడా. టైప్-1 ఉన్న ఆడపిల్ల విషయం దాచిపెట్టి, బడి మాన్పించి, పెళ్లి సంబంధాల భయంతో వైద్యం కూడా చాటుగా చేయించే ఇళ్లున్నాయి. దాచిన జబ్బుకు సాయం అందదు. ఆమె చదువుకోగలదు, ఉద్యోగం చేయగలదు, డాక్టరు పర్యవేక్షణలో తల్లీ కాగలదు. ఆమెకు కావలసింది వేళకు ఇన్సులిన్, వేళకు తిండి, బడిలో విషయం తెలిసిన ఒక టీచరమ్మ.

విద్యార్థులారా, ఈ పనిలో ఇంకా తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి. రంధ్రం కొలత, గోడ మీద ఆవేశం, ఎంజైమ్‌కూ మందుకూ మధ్య పంపకం, ఆక్సిజన్ కొరత. వీటిలో ఏదో ఒకటి మీలో ఒకరు తేల్చవచ్చు. దానికి కావలసిన మొదటి మెట్లు మీ పాఠ్య పుస్తకాల్లోనే ఉన్నాయి: పీహెచ్ పాఠం, ఎంజైమ్‌ల పాఠం, ఉపరితల వైశాల్యం లెక్కలు. వాటిని మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేయకండి. అర్థం కానిది మీ టీచర్లను అడగండి. రేపు సోమవారం బడికి వచ్చాక నన్నూ అడగండి.